పిండేది నేను, పేరు సీసాకి

సిసిలీలో, కతానియా ఊళ్ళో, ఒక బార్ కౌంటరు మీద ఉంటాను. కంగారుపడకండి, ఇటలీలో బార్ అంటే పొద్దున్నే కాఫీ తాగే చోటు. నా పేరు స్ప్రెమియాగ్రూమి. 'పిండు', 'పుల్లపండ్లు' అనే రెండు మాటలు అతికితే నేను. రసం అన్న మాట నా పేరులో ఎక్కడా లేదు.

చలికాలమంతా నాకు ఊపిరాడదు. ఎట్నా కొండ పక్క తోటల్లోంచి మోరో, తరొక్కో నారింజలు దిగుతాయి. అక్కడ పగటి ఎండకూ రాత్రి చలికీ పొత్తు కుదరదు. ఆ తేడాకే పండు లోపల ఎర్రబడుతుంది. మీ నేరేడుపండుకు రంగిచ్చే ఆంథోసయనినే దీనికీ. అడ్డంగా కోసి నా గాట్ల తల మీద బోర్లించి నొక్కుతారు. గ్లాసులోకి నెత్తురులాంటి రసం దిగుతుంది.

మొన్న ఒక విదేశీయుడు ఎంతో వినయంగా "సుక్కో" అడిగాడు. (మీ పల్లెల్లో సుక్కంటే వేరేనట, దానికీ దీనికీ చుట్టరికం లేదు.) మావాడు నా వంక చూడనైనా చూడకుండా ఫ్రిజ్ తీసి సీసా అందించాడు. అతని తప్పేం లేదు. సుక్కో అంటే రసమే, కానీ బార్‌లో ఆ మాట సీసాకే చెల్లింది. నేను పిండేది 'స్ప్రెమూతా'.

లాటిన్ 'సూకుస్'కు ఇటలీలో ఇద్దరు కొడుకులు. సుక్కో గ్లాసులోకి పోయాడు, సూగో పాస్తా మీద టమాటా పులుసయ్యాడు. రుమేనియాలో అదే సుక్, బ్రెజిల్‌లో సూకు, మెక్సికోలో హూగో. స్పెయిన్ వాళ్ళు మాత్రం 'థూమో' అంటారు. అది గ్రీకుల 'జోమోస్' అనే పులుసు అరబ్బుల నోట నలిగి వచ్చిందంటారు. ఫ్రెంచివాళ్ళ 'జ్యు' లాటిన్ 'యూస్' బిడ్డ, అదీ పులుసే. మీ ఆయుర్వేదం పథ్యంలో పెట్టే పెసర యూషం ఉంది చూశారూ, ఆ యూషానికి ఈ యూస్ దాయాది. జ్యు నుంచే ఇంగ్లీషు జ్యూస్, అక్కడినుంచి మీ సెంటర్లో బత్తాయి జ్యూస్ బండి.

రాత్రి బార్ మూసేముందు నన్ను కడిగి తువ్వాలుతో తుడుస్తారు. తువ్వాలును ఇక్కడ 'అషుగమానో' అంటారు. ఆ 'అషుగ' లాటిన్ 'ఎక్స్‌సూకారే' నుంచి వచ్చింది, అంటే రసం తీసేయడం. ఆఖరికి నన్ను తుడిచే గుడ్డ పేరులోనూ రసం ఉంది!

ఇటు వస్తే "స్ప్రెమూతా" అని అడగండి. సుక్కో అన్నారో, మళ్ళీ ఫ్రిజ్ తలుపే తెరుచుకుంటుంది.