కంప్యూటరు కండువాలు

పార్టీ మారే నాయకుడి ప్రసంగం మనందరికీ కంఠతా వచ్చు. "ఇరవై ఏళ్లు ఈ జెండా మోశాను" అంటుంటే ఆయన గొంతు పూడుకుపోతుంది. తర్వాత ఆత్మగౌరవం దెబ్బతింటుంది. ఆపైన కార్యకర్తల అభీష్టం మేరకు, నియోజకవర్గ అభివృద్ధి కోసం, ఎదుటి పార్టీ ఆఫీసు మెట్లెక్కుతాడు. మెడలో కొత్త కండువా పడగానే, పాత పార్టీలో అసలు ప్రజాస్వామ్యమే లేదన్న సంగతి గుర్తొస్తుంది. ఇరవై ఏళ్లు గుర్తురానిది ఇరవై నిమిషాల్లో ఎలా గుర్తొచ్చిందని ఎవరూ అడగరు.

ఈ విద్య రాజకీయ నాయకుల సొత్తనుకున్నాం. కంప్యూటరు మార్చేవాళ్లు వాళ్లను మించిపోయారు. నాయకుడికి టికెట్టో, కాంట్రాక్టో ఏదో ఒక ఆశ ఉంటుంది. వీళ్లు సొంత జేబులోంచి లక్షన్నర తీసి మరీ ఫిరాయిస్తున్నారు.

ఇందులో చూసి తీరాల్సింది యాపిల్ పార్టీ సీనియర్ కార్యకర్తను. పెట్టెలో వచ్చిన యాపిల్ స్టిక్కరును కారు వెనకద్దానికి అంటించుకున్నవాడాయన. కాలిఫోర్నియాలో పొద్దున పదింటికి కొత్త సరుకు విడుదలవుతుంటే, ఇక్కడ రాత్రి పదిన్నరకు నిద్ర మానుకుని చూసినవాడు. 2015లో కంపెనీ పలచని కొత్త కీబోర్డు తెచ్చింది. దుమ్ము రేణువు దూరితే చాలు, మీట పలకదు, లేదంటే ఒక్క నొక్కుకు రెండు అక్షరాలు పడతాయి. "కంప్యూటరు ముందు మిక్చరు తినడం మన తప్పు కదా" అన్నాడు మనవాడు. 2018లో కంపెనీయే ఉచితంగా బాగుచేసి పెడతానంది. 2022లో అమెరికాలో దావా వేసినవాళ్లకు 5 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకోడానికి ఒప్పుకుంది. మనవాడు మాత్రం అప్పటికీ మిక్చరు మీద నిఘా ఎత్తేయలేదు.

2016 మ్యాక్‌బుక్ ప్రోలో హెచ్‌డీఎంఐ పోర్టు, మెమరీ కార్డు స్లాటు, అయస్కాంతంతో అతుక్కునే చార్జరు మాయమయ్యాయి. ముందుచూపు అంటే ఇదీ అని మెచ్చుకుంటూ సంచెడు అడాప్టర్లు కొన్నాడు. 2021లో ఆ మూడూ తిరిగొచ్చాయి. "చూశారా, మావాళ్లు జనం మాట ఎలా వింటారో" అని మళ్లీ మెచ్చుకున్నాడు. 2019లో మానిటరును నిలబెట్టే స్టాండు ఒక్కటే 999 డాలర్లన్నారు. మ్యాక్ ప్రో కింద చక్రాలు కావాలంటే మరో 400 అన్నారు. ఇంజనీరింగు విలువ తెలియనివాళ్లకు ఇది ఎక్కదని మనల్ని కసురుకున్నాడు.

ఇన్ని మింగి అరాయించుకున్నవాడు చివరికి దేనికి అలిగాడు? 2022లో వచ్చిన వెంచురా అనే మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో సెట్టింగుల కిటికీ తీరు మార్చేశారట. దాంతో ఆత్మగౌరవం దెబ్బతింది. కంపెనీ తన సిద్ధాంతానికి ద్రోహం చేసిందని వాపోయాడు.

సిద్ధాంతమట! ఆ పార్టీ చరిత్ర కాస్త తిరగేద్దాం. 1984 జనవరిలో, అమెరికా ఫుట్‌బాల్ ఫైనల్ మధ్యలో, రిడ్లీ స్కాట్ తీసిన ప్రకటన వచ్చింది. తెర మీద ఒక మహా మొహం ఉపన్యాసం దంచుతుంటే, ఒకమ్మాయి పరిగెత్తుకొచ్చి సుత్తి విసిరి దాన్ని బద్దలు కొడుతుంది. ఆ మొహం ఐబీఎమ్‌దేనని అందరికీ అర్థమైంది. ఏడేళ్లు తిరిగేసరికి, 1991లో, యాపిల్ అదే ఐబీఎమ్‌తో, మోటరోలాతో పొత్తు పెట్టుకుంది. 1997 ఆగస్టులో బోస్టన్ సభలో మైక్రోసాఫ్ట్ నుంచి 15 కోట్ల డాలర్ల పెట్టుబడి వస్తోందని స్టీవ్ జాబ్స్ ప్రకటించాడు. వెనక పెద్ద తెర మీద బిల్ గేట్స్ మొహం ప్రత్యక్షమైంది. కార్యకర్తలు కేకలు వేశారు. ఈసారి సుత్తి ఎవరూ తేలేదు. 1998లో ఇంటెల్ చిప్పును నత్త వీపు మీద ఎక్కించి ఎగతాళి చేశారు. 2005లో ఆ ఇంటెల్‌తోనే కాపురమన్నారు. 2020లో ఇంటెల్‌నూ వదిలి సొంత చిప్పు బాట పట్టారు. ఇందులో తప్పేమీ లేదు, వ్యాపారం అంటే అదే. నాయకత్వం పొత్తులు మార్చుకుంటూ పోతుంటే, మండల స్థాయి కార్యకర్త మాత్రం 1984 నాటి సుత్తి భుజాన వేసుకుని తిరుగుతున్నాడు.

2006 నుంచి 2009 దాకా నడిచిన ప్రకటనల్లో జస్టిన్ లాంగ్ అనే నటుడు జీన్స్ తొడుక్కుని "నేను మ్యాక్‌ని" అని పరిచయం చేసుకునేవాడు. పక్కన కోటు వేసుకున్న పీసీ ఎప్పుడూ ఏదో రోగంతో మూలుగుతుండేది. 2021లో ఇంటెల్ వాళ్లు ఆ జస్టిన్ లాంగ్‌నే పిలిచి, మ్యాక్ కన్నా పీసీ ఎందుకు మేలో చెప్పించారు. ఆయనా హాయిగా చెప్పి వెళ్లాడు. అది పాత్ర అని నటించినవాడికి తెలుసు. చూసినవాడే జీవితాశయం అనుకున్నాడు.

సరే, అలిగినవాడు ఎటు పోతాడు? మొదటి దారి విండోస్. "సత్య నాదెళ్ల మన హైదరాబాదీయే కదా" అని ప్రాంతీయ అభిమానం కూడా కలుస్తుంది. ఆయన 2014లో మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టిన మాట నిజమే. ఆ కారణంగా మన అప్‌డేట్లేమీ తొందరగా పూర్తికావు. కొత్త పార్టీలో చేరిన మొదటి రోజే మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిస్తే గానీ లోపలికి రానివ్వరు. డబ్బిచ్చి కొన్న విండోస్ స్టార్ట్ మెనూలోనే సిఫారసుల పేరిట ప్రకటనలు పలకరిస్తాయి. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు, జాబితాలో ఉన్న ప్రాసెసరు తప్పనిసరి. దాంతో నిక్షేపంలా పనిచేస్తున్న కంప్యూటర్లు కూడా ముసలివైపోయాయి. 2024 మేలో ప్రకటించిన రీకాల్ అనే సదుపాయం అయితే, తెర మీద మనం చేసేదాన్ని కొన్ని సెకన్లకోసారి ఫొటో తీసి కంప్యూటర్లోనే దాస్తానంది. గోల లేచాక వెనక్కి తగ్గి, మార్పులు చేసుకుని 2025లో మళ్లీ వచ్చింది. ఇదే పని యాపిల్ చేసుంటే మనవాడు ప్రెస్ మీట్ పెట్టేవాడు. ఇప్పుడు కండువా వేరు కాబట్టి, "ఉత్పాదకత పెరుగుతుంది" అంటున్నాడు.

రెండో దారి లినక్స్. ఇక్కడ అధినాయకత్వం ఉండదు, కాబట్టి అందరూ నాయకులే. పదిమంది కలిస్తే పదకొండు వర్గాలు. కొత్తగా చేరినవాడు వైఫై పనిచేయడం లేదని అడిగితే, ముందు అతను ఎంచుకున్న లినక్స్ రకమే, అంటే డిస్ట్రోయే, తప్పని తేలుస్తారు. లినక్స్‌ను తక్కువ చేసి మాట్లాడటం లేదు. 2017 నుంచి ప్రపంచంలోని 500 మేటి సూపర్ కంప్యూటర్లూ దాని మీదే నడుస్తున్నాయి, మన ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగునా అదే ఉంది. పేచీ అల్లా నిన్న మొన్న చేరి, టెర్మినల్లో నాలుగు ఆదేశాలు కొట్టి, మిగతా లోకమంతా బానిసలని ఉపన్యాసమిచ్చేవాడితోనే. స్వేచ్ఛకు కూడా మార్కెటింగ్ మరకలు అంటుతాయి. 2012లో ఉబుంటు అనే డిస్ట్రోలో మన ఫైళ్లు వెతుక్కుంటుంటే అమెజాన్ సరుకులూ పక్కన ప్రత్యక్షమయ్యేవి.

ఫిరాయింపులో డాక్టరేటు ఇవ్వాల్సి వస్తే మ్యూనిక్ నగరపాలక సంస్థకివ్వాలి. 2003లో విండోస్ వదిలి లినక్స్‌లోకి వెళ్తామని తీర్మానించింది. అప్పటి మైక్రోసాఫ్ట్ అధినేత స్టీవ్ బామర్ స్వయంగా వచ్చి మేయరును బుజ్జగించినా వినలేదు. ఏళ్ల తరబడి కష్టపడి వేల కంప్యూటర్లు మార్చింది. 2017లో తిరిగి విండోస్‌కే వెళ్దామని ఓటేసింది. 2020లో పాలక కూటమి మారగానే, మళ్లీ ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమిస్తామంది. మన శాసనసభ్యులు ఇది చదివితే ఇన్నాళ్లూ అనవసరంగా సిగ్గుపడ్డామని బాధపడతారు.

మన దేశంలో ఫిరాయింపుల నిరోధక చట్టం 1985లో వచ్చింది. విండోస్ తొలి కూర్పు విడుదలైందీ ఆ ఏడే. యాపిల్ సంస్థాపకుడు స్టీవ్ జాబ్స్ తన పార్టీలోంచి తానే బయటపడి వేరు కుంపటి పెట్టిందీ ఆ ఏడే. మన చట్టానికి పార్లమెంటు, స్పీకరు, వాయిదాలు కావాలి. కంపెనీల చట్టం చడీచప్పుడూ లేకుండా అమలవుతుంది. మ్యాక్ యాప్ స్టోరులో కొన్నవి విండోస్‌లో చెల్లవు. ఫైనల్ కట్‌లో ఎడిట్ చేసిన పెళ్లి వీడియో ప్రాజెక్టు ఇంకెక్కడా తెరుచుకోదు. మ్యాక్ కోసం ఫార్మాట్ చేసిన డిస్కును విండోస్ గుర్తుపట్టదు. విండోస్ డిస్కును మ్యాక్ చదువుతుంది గానీ దాని మీద రాయనంటుంది. మూడింట రెండొంతుల మంది కలిసి వెళ్తే మన చట్టం విలీనమని ఊరుకుంటుంది. ఇక్కడా అంతే, ఇంటిల్లిపాదీ ఒకేసారి ఫిరాయిస్తే ఫొటోల ఆల్బమ్ మీద తగాదా ఉండదు.

తెలుగువాళ్లుగా మనం నిజంగా అలగాల్సిన సందర్భం ఒకటొచ్చింది. 2018 ఫిబ్రవరిలో, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్‌కు, కంటికి కనపడని గుర్తు ఒకటి ఇరికించిన 'జ్ఞా' అనే ఒక్క తెలుగు అక్షరం పంపితే మెసేజీల యాప్ కుప్పకూలేది. కోట్లమంది రాసే లిపిని సరిగ్గా పరీక్షించకుండానే వదిలారన్నమాట. ఆ నెల్లోనే 11.2.6తో సరిదిద్దారు. మన కార్యకర్తలు ఆత్మగౌరవం కోసం రాజీనామా చేశారా? లేదు. ఆ అక్షరాన్ని స్నేహితులకు పంపి వాళ్ల ఫోన్లు పడగొట్టి ఆనందించారు.

అసలు బందిఖానా మన డీటీపీ సెంటర్లలో ఉంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి మన పుస్తకాలు, పత్రికలు పేజ్‌మేకర్‌లో, అను లాంటి పాత పద్ధతి ఫాంట్లలో తయారయ్యాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే తెలుగు కనపడదు, ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల గలగల కనపడుతుంది. అందులో ఒక మాట వెతకలేం, కన్వర్టరు లేకుండా ఇంకోచోటికి తీసుకెళ్లలేం. ఈ లెక్కన అచ్చయిన తెలుగులో పెద్ద భాగం ఇప్పటికీ ఒకే గదిలో తాళం పడి ఉంది. ఏ కండువా కప్పుకున్నా ఆ తాళం తెరుచుకోదు.

కంపెనీలు కన్నీళ్లకు కరగవు. వాటి మనసు మారిందల్లా జనం కదలనప్పుడో, కదిలిపోగలిగినప్పుడో. 2007లో విండోస్ విస్టా వస్తే లక్షల ఆఫీసులు ఉపన్యాసాలు ఇవ్వకుండా ఎక్స్‌పీ మీదే కూర్చున్నాయి, 2009లో విండోస్ 7 దిగొచ్చింది. 2012లో విండోస్ 8 స్టార్ట్ బటన్ తీసేస్తే జనం మొహం తిప్పుకున్నారు, ఏడాది తిరిగేసరికి 8.1లో ఆ బటన్ మళ్లీ మొలిచింది.

కాబట్టి అలక పక్కన పెట్టి చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి. తెలుగు యూనికోడ్‌లో రాయాలి. రాతలు సాదా టెక్స్టులోనో, ఎవరైనా తెరవగల ఓపెన్ డాక్యుమెంట్ పద్ధతిలోనో దాచుకోవాలి. ఫొటోల నకలు ఒకటి, మ్యాకూ విండోసూ రెండూ రాయగలిగే ఎక్స్‌ఫ్యాట్ డిస్కులో ఇంట్లో ఉండాలి. ఇది చేసినవాడు ఏ పార్టీలో ఉన్నా హైకమాండ్‌కు నిద్ర పట్టదు, ఎందుకంటే వాడు ఏ పూటైనా సంచి సర్దుకోగలడు. సిద్ధాంతం కోసం కంప్యూటరు మార్చేవాణ్ని మాత్రం ఏ కంపెనీ అయినా నో కాస్ట్ ఈఎంఐ మీద కొనేస్తుంది.