తెర పంచువారి పద్యం – టీకాతాత్పర్య సహితం

తెరను పంచు వేళ తెరిచిన కిటికీలు
మూసివేసి పిదప ముందుకేగు;
మొత్తమంత చూపు మొనగాడు తన గుట్టు
తానె చాటుకొనును తప్పకుండ.

అవతారిక: కవి పేరు తెలియదు. మాదాపూర్ వాడని కొందరు, బెంగళూరులో స్థిరపడ్డ అనంతపురం వాడని మరికొందరు. కాలం మాత్రం 2020 మార్చి లాక్‌డౌన్ తర్వాతదే. అంతకుముందు తెర పంచుకోవడం లేదా అంటే, ఉంది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కో సభలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్, మెన్లో పార్కులో కూర్చున్న సహోద్యోగితో కలిసి ఒకే తెర మీద పనిచేసి చూపించాడు. ఇంటికి తేవాల్సిన సరుకుల జాబితా కూడా తెర మీద పెట్టాడు. అది ఆయన కావాలని చూపించింది గనుక ఈ పద్యానికి అప్పుడు అవసరం పడలేదు.

ప్రతిపదార్థం: తెరను పంచు వేళ = మీటింగులో షేర్ బటన్ నొక్కబోయే ముందు; తెరిచిన కిటికీలు = పొద్దుటి నుంచి తెరిచి వదిలేసిన వాట్సాప్, పేస్లిప్పు, సగం నింపిన రైలు టిక్కెట్టు మొదలైనవి; మూసివేసి = మూసివేసి (మినిమైజు చేసి అని అర్థం చెప్పుకోరాదు; ఆల్ట్ ట్యాబ్ నొక్కగానే అవన్నీ బారులు తీరి నిలబడతాయి); పిదప = ఆ తర్వాతే; ముందుకేగు = "కనిపిస్తోందా అండీ?" అని అడుగుము; మొత్తమంత చూపు = ఎంటైర్ స్క్రీన్ అన్నది ఎంచుకొనే; మొనగాడు = ఎత్తిపొడుపు; తన గుట్టు = దీని సంగతి పాఠాంతరంలో చూడుడు; తానె = ఎవరూ అడగకుండానే; చాటుకొనును = బయటపెట్టుకొనును; తప్పకుండ = ఈ వారం కాకపోతే వచ్చే వారం.

తాత్పర్యం: ఓ ఉద్యోగీ! చూపించాల్సింది ఒక షీటే అయినప్పుడు ఇల్లంతా చూపించకు.

విశేషాలు: కోలాచలం మల్లినాథ సూరి కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ అక్కర్లేని మాట ఒక్కటీ చెప్పనని నియమం పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాతకు అంత నిగ్రహం లేదు.

'మొత్తమంత' అనడంలో కవి లోకజ్ఞత కనిపిస్తుంది. క్రోమ్‌లో షేర్ నొక్కితే మూడు దారులు చూపుతుంది: ట్యాబ్, విండో, ఎంటైర్ స్క్రీన్. ట్యాబ్ పంచితే అడ్రస్ బారు కూడా అవతలివాళ్ళకు కనిపించదు, లోపలి పేజీ ఒక్కటే కనిపిస్తుంది. విండో పంచితే ఆ బారూ వెళ్తుంది. అందులో ఏదో వార్త వెతుకుదామని 'ఎన్' కొట్టగానే మిగతాది అదే పూరించి 'నౌక్రీ' అంటుంది. ఎదురుగా ఉన్నది మేనేజరు. ఆఫీసు పనికి వేరే ప్రొఫైల్ పెట్టుకున్నవాడు ఈ గండం నుంచి బయటపడతాడు.

దీనికో పూర్వపక్షం ఉంది. "విండో ఒక్కటే పంచితే ఎక్సెల్ నుంచి పీపీటీకి పోయినప్పుడల్లా ఆపి మళ్ళీ పంచాలి. నేను మూడు స్లైడ్లు చెప్పేశాక 'ఇంకా ఎక్సెలే కనిపిస్తోందండీ' అంటారు" అని. నిజమే. కాదనలేం. రెండో మానిటర్ ఉన్నవాళ్ళు దాని మీద చూపించాల్సినవే ఉంచి దాన్నే పంచుతారు. విండోస్‌లో నోటిఫికేషన్లు వచ్చేది ప్రధాన తెర మీదే గనుక అదొక లాభం. జూమ్‌లోనైతే తెరలో ఒక భాగానికి హద్దు గీసి అంతవరకే చూపించవచ్చు. ఈ రెండూ కుదరనివాళ్ళు ఆపి మళ్ళీ పంచాల్సిందే. బద్ధకం తప్ప అందులో వేరే కష్టం లేదు.

ఇక గుట్టు చాటుకొనుటకు ఉదాహరణ. సోమవారం పదకొండింటి మీటింగు. ఒకమ్మాయి బడ్జెట్ షీటు చూపిస్తోంది, తెర మొత్తం. ఒక గడి మీద కర్సర్ పెట్టి "ఇక్కడ వేరియన్స్ చూడండి" అంటుండగా కుడివైపు కింది మూల నుంచి ఒక పెట్టె పైకొచ్చింది: 'అమ్మ: మదనపల్లి వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారే. అబ్బాయికి జుట్టు పల్చనే గానీ నిదానస్తుడట. నాన్నకి షుగర్ బాగా పెరిగింది, నీకు చెప్పొద్దన్నారు…' విండోస్‌లో ఇలాంటి పెట్టె మామూలుగా నిలిచేది 5 సెకన్లు. తెలుగు వచ్చినవాళ్ళు చదివేశారు. రానివాళ్ళు పక్కవాళ్ళను అడిగారు. రికార్డింగు ఆన్‌లో ఉంది గనుక సెలవులో ఉన్నవాళ్ళూ తర్వాత చూసుకుంటారు. వేరియన్స్ మాత్రం ఎవరూ చూడలేదు.

విండోస్ తనంతట తాను ఆపదా అంటే, ప్రొజెక్టర్ తగిలించి తెరకు నకలు తీసినప్పుడు ఆపుతుంది. మీటింగులో పంచడం దాని లెక్కలో నకలు కాదు. క్రోమ్ 2021 నుంచి తెర పంచుతున్నంతసేపూ నోటిఫికేషన్లలో సంగతి దాస్తోంది గానీ, తన ద్వారా వచ్చేవాటి వరకే. వాట్సాప్‌ను విడిగా యాప్‌లా పెట్టుకున్నవాళ్ళకు ఆ దాపరికం అక్కరకు రాదు. 'డు నాట్ డిస్టర్బ్' ఎవరికి వారే నొక్కుకోవాలి, లేదా ఆ యాప్‌నే మూసెయ్యాలి. కవి ఎత్తుకోవడమే మూసివెయ్యమని ఎత్తుకున్నాడు.

అలంకారం: స్వభావోక్తి. ఛందస్సు: ఆటవెలది.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో మూడో పాదం చివర 'పరు గుట్టు' అనీ, నాలుగో పాదంలో 'తానె చాటి విడుచు' అనీ ఉంది. గణాలు, యతి రెండింటికీ సరిపోతాయి. మాకు ఈ రెండోదే సాధువని తోస్తోంది. పై మెసేజీలో ఆ అమ్మాయి గుట్టు ఎంతని? జుట్టు మదనపల్లి అబ్బాయిది. షుగర్ నాన్నది. చెప్పొద్దన్నది చెప్పేసిన నేరం అమ్మది. ఆ ముగ్గురికీ ఆ మీటింగుకు పిలుపే లేదు. ఎక్సెల్ కింద 'ఇంక్రిమెంట్లు' అని కనిపించే షీటూ ఇంతే. దాని మీద పొరపాటున క్లిక్ పడితే బయటికొచ్చేది చూపించేవాడి జీతం కాదు, టీములో అందరిదీ. కస్టమర్ల ఫోన్ నంబర్లు, ఇంటర్వ్యూకొచ్చినవాళ్ళ రెజ్యూమెలూ అంతే. తన గుట్టు పోతే తనకు సిగ్గుతో సరి. పరుల గుట్టు పోయినప్పుడు, పోయిందని వాళ్ళకు తెలిసే దారి కూడా ఉండదు.

కవి చెప్పకుండా వదిలేసిన సంగతొకటి ఉంది: చూసేవాళ్ళేం చెయ్యాలి? మేనేజరుగారు ఎవరి అప్రైజలో తెరిచిపెట్టుకుని వేరే విషయం మాట్లాడుతుంటారు. అందరికీ కనిపిస్తుంటుంది. మైకులో అంటే పరువు తక్కువని, ఒక జూనియర్ మర్యాదగా విడిగా ఆయనకొక్కరికే చాట్‌లో పెడతాడు: 'సార్, అనిల్ అప్రైజల్ అందరికీ కనిపిస్తోంది.' ఆ మెసేజీ ఆయన తెర మీద కుడివైపు కింది మూల నుంచి పైకొస్తుంది. అప్పటిదాకా గమనించనివాళ్ళు, అనిల్‌తో సహా, అప్పుడు కళ్ళజోడు సవరించుకుంటారు. ఫోన్ చెయ్యడమే మేలని మా అభిప్రాయం; ఆయన ఫోన్ లాప్‌టాప్‌కు జతచేసి లేకపోతేనే సుమా.