మ.రా.రా.శ్రీ ఓటరు గారి సముఖమునకు

మ.రా.రా.శ్రీ పక్కింటి ఓటరు గారి సముఖమునకు, పన్ను కట్టువాడు వ్రాసుకొను విన్నపము.

అయ్యా, ఇలాంటి లేఖలు మామూలుగా గవర్నరుకో, స్కూలు బోర్డు అధ్యక్షుడికో రాస్తారు. నేను మీకే రాస్తున్నాను. డాలస్‌కు ఉత్తరాన ఉన్న మన శివారులో బడికి కొత్త గదులు కట్టాలా వద్దా అన్నది తేల్చేది వాళ్లు కాదు. మే మొదటి శనివారం నాడు గడ్డి కోయడం ముగించుకుని, ఆ ఎర్ర టోపీతోనే వెళ్లి మీరు వేసే ఓటు తేలుస్తుంది.

నా సంగతి మీకు తెలిసిందే. పద్నాలుగేళ్లుగా గ్రీన్‌కార్డు వరుసలో ఉన్నాను, ఓటు లేదు. ఆస్తి పన్ను బిల్లు మాత్రం వరుస చూడకుండా ఏటా వచ్చేస్తుంది, అందులో పెద్ద వాటా బడిదే. మీకు 65 దాటాయి కాబట్టి సొంతింటి మీద బడి పన్ను అక్కడే ఆగిపోయింది. ఇంటికి కొత్తగా ఏ గదో కలిపితే తప్ప ఆ గీత దాటదు. అంటే గదుల కోసం బడి తెచ్చే అప్పు, అదే బాండు, గెలిస్తే బరువు నాది, గెలిపించే చెయ్యి మీది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు మా వైపు. ఇక్కడ సొమ్ము అల్లుడిదే. దానం చేస్తానని కాళ్లావేళ్లా పడుతున్నాడు. అత్తగారే వద్దంటున్నారు.

బడివాళ్లే వచ్చి అడగొచ్చు కదా అంటారేమో. అడగకూడదు. టెక్సస్ చట్టం ప్రకారం ప్రజల డబ్బుతో వాళ్లు వివరాలు చెప్పొచ్చు గానీ, ‘అవును’ అని ఓటెయ్యండనే ప్రచారం చెయ్యకూడదు. దానికి తోడు, స్కూలు బాండు బ్యాలెట్ మీద ‘ఇది ఆస్తి పన్ను పెంపు’ అని పెద్దక్షరాల్లో వేసి తీరాలని 2019లో ఇంకో చట్టం తెచ్చారు. రేటు ఒక్క సెంటు పెరగకపోయినా ఆ ముక్క ఉండాల్సిందే. శుభలేఖ మీద ‘ఈ పెళ్లికి బోలెడు ఖర్చవుతుంది’ అని అచ్చేయించినట్టు! ఇంక అక్షింతలు వేసేదెవరు?

మా అమ్మాయి నాలుగో తరగతి బడి వెనక పార్కింగ్ పక్కన, పోర్టబుల్ గదిలో. తాత్కాలికమని తెచ్చిపెట్టారట, అది మేం ఈ ఊరు రాకముందు మాట. చెక్కమెట్లు మూడు, మధ్యమెట్టు మీద కాలేస్తే కిర్రుమంటుంది. గోడకు బిగించిన ఏసీ మోగుతుంటే టీచరు గొంతు వినపడదు, ఆపితే ఆగస్టు ఎండకు పిల్లలు ఉడికిపోతారు. అందుకని ఆవిడ స్పెల్లింగు చెప్పేటప్పుడు ఆపి, లెక్కలు చేయించేటప్పుడు వేస్తారు. మొన్న వానలో బాత్రూముకని అసలు భవనం దాకా పరిగెత్తి, మా పిల్ల తడిసిన బూట్లతో ఇంటికొచ్చింది. ‘నాన్నా, మాకు లెక్కలంటేనే ఇష్టం, చల్లగా ఉంటుంది’ అంది. ఇంజనీరింగ్ వంశం కదా, ఒక్క క్షణం సంతోషించాను కూడా.

ఖర్చు చూద్దాం. వంద డాలర్ల విలువకు రెండు సెంట్లు పెరిగిందనుకోండి. మినహాయింపులు పోగా 4 లక్షల డాలర్లకు లెక్కగట్టే ఇంటికి ఏడాదికి 80 డాలర్లు. మేం నలుగురం ఒక్కసారి బిర్యానీ తిని టిప్పు పెట్టి లేచేసరికి అయ్యేదంతే. పైగా బడి జీతాలకూ కరెంటుకూ కట్టే పన్నులోంచి ఆస్తులెక్కువున్న స్కూలు జిల్లాల దగ్గర రాష్ట్రం కొంత లాగేసుకుంటుంది, జనం రాబిన్‌హుడ్ అని పిలుచుకునేది దాన్నే. బాండు అప్పు తీర్చే పన్నును అది ముట్టుకోదు. మన ఇటుకలు మన దగ్గరే ఉంటాయి.

మీ అనుమానమూ నాకు తెలుసు. మొన్న కంచె దగ్గర ఒకే మాటన్నారు: ‘ఆలెన్’. ఒప్పుకుంటున్నాను. ఆ ఊళ్లో 2009 బాండు డబ్బులోంచి 6 కోట్ల డాలర్లు పెట్టి, 18,000 మంది కూర్చునే హైస్కూలు ఫుట్‌బాల్ స్టేడియం కట్టారు. 2012లో తెరిచారు, 2014లో కాంక్రీటు బీటలువారితే మూసేశారు. మీ స్థానంలో నేనున్నా అదే మాట అనేవాణ్ని. కానీ ఇప్పుడు పెద్ద స్టేడియాన్ని విడి ప్రశ్నగానే అడగాలి. దానికి ‘కాదు’ అని గీకి, గదులకు ‘అవును’ అనొచ్చు. ఫుట్‌బాల్ పిచ్చి మీదే గానీ నాది కాదు కాబట్టి ఇంతకు మించి మాట్లాడను.

మా గుంటూరు వైపు బళ్లో దాతలు ఫ్యాన్లిచ్చేవారు. ఇంటిపేరు ఒక రెక్క మీద, పేరు ఇంకో రెక్క మీద, ఊరు మూడోదాని మీద ఎర్ర రంగుతో రాయించేవారు. ఆయనెవరో తెలియాలంటే కరెంటు పోవాలి. మా ఊళ్లో అది రోజూ పోయేది, దాతలంతా మాకు కంఠతా వచ్చేవారు. కావాలంటే కొత్త గదిలో మీ పేరూ రాయిస్తాను. ఇక్కడ కరెంటు అంతగా పోదు, అదొక్కటే లోటు.

ఇట్లు,
తమ పొరుగువాడు

తా.క. మీ పోస్టు మళ్లీ మా పెట్టెలో వేశారు. పైన ‘ఓటరుకు’ అని ఉంది కాబట్టి మాది కాదని వెంటనే తెలిసింది. మీ గుమ్మంలో పెట్టాను.