సెల్ఫ్ డిస్మిస్ సౌకర్యం కలదు

ఉద్యోగం మానెయ్యాలంటే లోకమంతటా ఒక తతంగం ఉంటుంది. కాగితం తీసుకోవాలి, 'వ్యక్తిగత కారణాల వల్ల' అని రాయాలి, సంతకం పెట్టాలి, పైవాడి టేబుల్ ముందు చేతులు కట్టుకొని నిలబడాలి. తెలంగాణ ఆర్టీసీ కార్మికుడికి ప్రభుత్వం ఒకసారి ఈ శ్రమంతా తప్పించింది. 2019 అక్టోబరు 5న సాయంత్రం 6 గంటలలోపు డ్యూటీలో చేరనివాడు తనను తానే కొలువులోంచి తీసేసుకున్నట్టు లెక్క అని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ తేల్చేశారు. 48 వేల మంది ఒక్క సాయంత్రంలో, పెన్ను మూత తీయకుండానే సెల్ఫ్ డిస్మిస్ అయిపోయారు. తమలో అంత సామర్థ్యం ఉందని అప్పటిదాకా పాపం వాళ్లకే తెలియదు.

సమ్మె 52 రోజులు నడిచింది. చేసిన పనికి రావలసిన సెప్టెంబరు జీతం రాలేదు. బతుకమ్మ పోయింది, దసరా పోయింది, దీపావళి పోయింది. 5,100 రూట్లు ప్రైవేటుకు ఇస్తామని నవంబరు 2న కేబినెట్ తీర్మానించింది. కొందరు కార్మికులు ప్రాణాలే తీసుకున్నారు. వాళ్ల విషయంలో నా కలానికి వెటకారం రాదు, ముందుకు పోతాను. నవంబరు 25న కార్మిక సంఘాల జేఏసీ సమ్మె విరమించింది. మర్నాడు పొద్దున ఖాకీ తొడుక్కొని డిపోకు పోతే గేటు దగ్గర ఇంకో రకం ఖాకీ అడ్డం నిలబడింది. 28న ముఖ్యమంత్రి దయ తలిచారు, 29న బస్సులు కదిలాయి. డిసెంబరు 1న ప్రగతిభవన్‌లో కార్మికులతో కలిసి భోజనం. భోజనం తర్వాత వరం: పదవీ విరమణ వయసు 58 నుంచి 60కి పెంపు.

అక్టోబరులో మీరు మా ఉద్యోగులే కాదన్నారు. డిసెంబరుకు, ఇంకో రెండేళ్లు ఎక్కువ చేయండన్నారు. తీసేసినవాడి సర్వీసును పొడిగించిన సంస్థ ప్రపంచంలో ఇదొక్కటే అయి ఉంటుంది. ఆ ఊపులోనే యూనియన్ ఎన్నికలు పక్కకు పోయి, డిపో డిపోకూ సంక్షేమ మండళ్లు వచ్చాయి. అడిగే నోరు మూసేసి, క్షేమం మేమే కనుక్కుంటాం అన్నారన్నమాట.

ఇప్పుడు అవే డిపోల బయట, చాయ్ బండ్ల దగ్గర, వదిలేద్దామన్న మాట తిరుగుతోంది. ఈసారి ప్రభుత్వం పుణ్యం కాదు, వాళ్ల సొంత ఆలోచన. నల్లగొండ వైపు కండక్టర్ ఒకాయన, యాభై దాటిన మనిషి, ఇరవై ఆరేళ్ల సర్వీసు. చాయ్ సాసర్‌లో పోసుకుంటూ అన్నాడు:

"ఇగ నాతోని గాదన్నా. ఇడిసిపెడ్త."

"ఇడిసి?"

"ఏమో. మొదలు ఇడిస్తె సమజైతది."

ఆయన పొద్దున 4 గంటలకు డిపోలో రిపోర్టు చేసి, టిమ్ (టికెట్టు మిషను) తీసుకొని, డ్యూటీ చార్టు చూసి, రాత్రి ఇంటికి పోవలసిన తనకు వేరే బస్సులో నైట్ అవుట్, అంటే రాత్రి బయటే ఉండే డ్యూటీ, పడిందని తెలుసుకొని బయటకు వచ్చాడు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961 నుంచీ ఉంది. రోజుకు 8 గంటల పని, వారానికి 48, విశ్రాంతి కలిపి ఎంత సాగదీసినా 12 గంటల్లో ముగియాలి అంటుంది. చార్టు కూడా చట్టాన్ని మీరదు. నల్లగొండ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు ఇంత సేపు అని రన్నింగ్ టైమ్ వేసేసింది. ఎల్బీనగర్‌లో ట్రాఫిక్ ఉంటుందన్న సంగతి చార్టు రాసినాయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. బస్సు నిలబడిపోతే ఆ నిలబడ్డ సేపు కాగితం మీద పని కాదు. డ్రైవరు స్టీరింగ్ పట్టుకొనే ఉంటాడు, కండక్టరు నిలబడే ఉంటాడు, లెక్క మాత్రం విశ్రాంతి తీసుకుంటుంది.

మామూలు రోజుల సంగతి ఇది. చెర్వుగట్టు అమావాస్య, కురుమూర్తి జాతర, దసరా, సంక్రాంతి, రెండేళ్లకోసారి మేడారం. ఊళ్లో అందరూ దేవుడి దగ్గరికి పోతారు కాబట్టి ఇతనికి ఆఫ్ రద్దు. నాస్తికుడైన కండక్టర్‌కు కూడా ఇన్ని జాతరలు చూసే భాగ్యం ఆర్టీసీయే కల్పించింది.

ఆదాయం తగ్గితే కండక్టర్‌ను పిలిచి ఈపీకే (కిలోమీటరుకు వచ్చే ఆదాయం) ఎందుకు పడిపోయిందని అడుగుతారు. డీజిల్ ఎక్కువ తాగితే డ్రైవర్‌ను పిలిచి కేఎంపీఎల్ (లీటరుకు కిలోమీటర్లు) ఎందుకు పడిపోయిందని అడుగుతారు. లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇంజను, గుంతల రోడ్డు, నిండు గర్భిణిలా ఊగే లోడు ఇవేవీ జవాబులు కావు. ఇంజను పాతదని చెప్పినవాడికి, నువ్వూ పాతవాడివే కదా, నువ్వు బాగానే నడుస్తున్నావే అన్న చూపు ఎదురవుతుంది.

సున్నా టికెట్టు దగ్గరికి వద్దాం. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. మంచి పథకం. దేవరకొండ తండా నుంచి నల్లగొండ ఆసుపత్రికి ఛార్జీ లేక ఆగిపోయిన తల్లి ఇవాళ బస్సెక్కుతోందంటే దాన్ని తప్పు పట్టేవాడికి కడుపు నిండి ఉండాలి. నా గొడవ వేరు. ఎక్కేవాళ్లను పెంచిన చేయి బస్సులను అంతగా ఎందుకు పెంచలేదు? కొట్టే టికెట్లు పెరిగితే కొట్టే చేతులు ఎందుకు పెరగలేదు?

దగ్గర నుంచి చూడండి. 55 సీట్ల బస్సులో నూరు మంది. ఒక్కో మహిళకూ ఒక్కో సున్నా టికెట్టు కొట్టి తీరాలి, ఎందుకంటే ప్రభుత్వం సంస్థకు చెల్లించే డబ్బుకు ఆ కాగితమే లెక్క. ఆధార్ చూడాలి. కార్డులో ఫొటో పదిహేనేళ్ల కిందటిది, ఎదురుగా నిలబడ్డామె మామూలు మనిషి. తెలంగాణ అడ్రసేనా? ఒకామె ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంది, ఆ ఫోను కొడుకు దగ్గర ఉంది, కొడుకు వెనక డోరు దగ్గర వేలాడుతున్నాడు. కర్నూలు బస్సయితే పుల్లూరు చెక్‌పోస్టు దాకా సున్నా, అవతల డబ్బులు. బోర్డరు ఎక్కడొచ్చిందో కిటికీలోంచి చూసి చెప్పేందుకు ముందు కిటికీ కనపడాలి. పైసలిచ్చి ఎక్కిన మగాయన నిలబడే ఉండి, 'టికెట్టు కొన్నోనికి సీటు లేదా?' అని అడిగేది ముఖ్యమంత్రిని కాదు, రవాణా మంత్రిని కాదు. ఎదురుగా ఉన్న ఖాకీ చొక్కానే. ఈ లోపల రెండు స్టాపులు దాటిపోతాయి. మల్లేపల్లి దగ్గర చెకింగ్ వాళ్లు ఎక్కుతారు. ఒక్కామె చేతిలో సున్నా టికెట్టు లేకపోతే కండక్టర్ చేతికి చార్జిషీటు. రూపాయి విలువ లేని టికెట్టు మిస్సయినందుకు ఇరవై ఆరేళ్ల కొలువు లెక్క చెప్పాలి.

2025 జులైలో ఉచిత ప్రయాణాలు 200 కోట్లకు చేరాయని ఘనంగా వేడుకలు చేశారు. చేయాల్సిందే. 200 కోట్ల సార్లు ఒక బొటనవేలు మిషను మీద నొక్కింది కదా. ఆ వేలికి ఏం చేశారన్నది వేడుకల్లో ఎవరూ అడగలేదు.

ఒత్తిడి సంగతి యాజమాన్యానికి తెలియదనకండి. 2022లో సజ్జనార్ ఎండీగా ఉన్నప్పుడు గ్రాండ్ హెల్త్ ఛాలెంజ్ పెట్టి డిపో డిపోలో సిబ్బందికి రక్తం తీసి పరీక్షలు చేయించారు. నిజంగా మంచి పని. గుండె జబ్బు బయటపడి బతికిపోయినవాళ్లున్నారు. బీపీ చూశారు, షుగర్ చూశారు, ఈసీజీ తీశారు. పరీక్ష జరగనిది ఒక్క డ్యూటీ చార్టుకు. ఉప్పు తగ్గించమన్నారు, వేళకు తినమన్నారు, 8 గంటలు నిద్రపోమన్నారు. చాయ్ బండి దగ్గర మనిషికి ఆ సలహా గుర్తుంది. "డాక్టర్ సాబ్, ఆ ఎనిమిది గంటలు ఏ డిపోల ఇస్తరో జర రాసియ్యుండ్రి" అన్నాడట. మాత్రలు రాసిచ్చారు.

టీవీ పెడితే ఇంకో రకం వైద్యులు. ఒత్తిడిని జయించండి, ఊపిరి లోపలికి పీల్చండి, పది లెక్కపెట్టి వదలండి. నూరు మంది ఉన్న పల్లెవెలుగులో ఊపిరి లోపలికి పీల్చే ప్రయోగం ఆ గురువుగారు స్వయంగా చేసి చూపాలని నా మనవి. నచ్చని ఉద్యోగంలో నలిగిపోకండి, మీ కలల వెంట పడండి అంటారు మరికొందరు. కలలు రావాలంటే నిద్ర పట్టాలి కదయ్యా.

సరే, వదిలేస్తాడు. వదిలేస్తే ఏమిటి? ఆర్టీసీవాడికి సర్కారు ఉద్యోగిలా పింఛను లేదు. పీఎఫ్ వాళ్ల ఈపీఎస్-95 ఉంది. జీతం ఎంతున్నా మామూలుగా 15 వేల వరకే లెక్కలోకి వస్తుంది కాబట్టి, ఎంతకాలం ఊడిగం చేసినా నెలకు 7,500 దాటడం గగనం. 58 నిండకముందే తీసుకుంటానంటే ఏడాదికి 4 శాతం కోత. ఇక సీసీఎస్, అంటే కార్మికులు తమ జీతంలోంచి నెలనెలా కోయించుకొని పెట్టుకున్న సొంత పరపతి సంఘం. బిడ్డ పెళ్లికో కొడుకు ఫీజుకో అప్పు అడిగితే సంఘం దగ్గర పైసల్లేవు, ఎందుకంటే కోసిన పైసలు సంస్థే వాడుకుంది. తన డబ్బు తనకు ఇప్పించమని సంఘం హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. కార్మికుడు తన యజమానికి అప్పిచ్చి, తాను మాత్రం ప్రైవేటు ఫైనాన్సులో నూటికి మూడు కట్టిన కథ ఇది. 2022లో వీఆర్ఎస్ కూడా పెట్టి చూశారు, ఇష్టమున్నవాళ్లు పోవచ్చని. పోవాలన్న ఇష్టం చాలామందికి ఉంది, పోయాక తినేదేమిటో మాత్రం పథకంలో రాయలేదు.

ఆటో కొనుక్కుందామా? సున్నా టికెట్లు కొట్టీ కొట్టీ ఆటోవాళ్ల గిరాకీ తీసింది తానే. అద్దె బస్సు తోలుదామా? డ్రైవర్లకు ఆ దారి ఉంది. అదే రూటు, అదే రంగు బస్సు, జీతం తక్కువ, యజమాని కొత్త. సూపర్ లగ్జరీల్లో డ్రైవరే టికెట్టు కొట్టే రోజులు ఎప్పుడో వచ్చాయి, కాబట్టి కండక్టర్‌కు ఆ తలుపు కూడా మూసుకుపోయింది. రియల్ ఎస్టేటు? షాద్‌నగర్ నుంచి కల్వకుర్తి దాకా ప్లాట్లు కొనేవాళ్లకంటే చూపించేవాళ్లు ఎక్కువైపోయారు.

అన్నిటికీ మించి ఇల్లు ఉంది. ఇది పాలమూరు, నల్లగొండ. వాన నమ్మకం లేని నేల. నారాయణపేట, కోస్గి వైపు ఊళ్లకు ఊళ్లు ముంబై బస్సెక్కి మట్టి మోయడానికి పోయినప్పుడు, ఊళ్లో నెలనెలా జీతం అందుకున్నవాడు ఈ ఖాకీ చొక్కావాడే. ఆ ముంబై బస్సుకు టికెట్టు కొట్టిందీ ఇతనే. దేశాలు పట్టిపోయేవాళ్ల మూటలు టాపు మీద కట్టించినవాడు తన కొలువు తాను వదిలేస్తానంటే ఊరు నవ్వదా? "ఆర్టీసీల నౌకరి అంటెనే బిడ్డకు సంబంధమొచ్చింది. పెండ్లయినంక ఇడుస్తవో సస్తవో నీ ఇష్టం" అంటుంది ఇంటామె. ఆమె తప్పేం లేదు. ఆమెకు కూడా చార్టు తెలుసు, లెక్క తెలుసు.

పోనీ ఉంటాడు. ఉంటే ఏమవుతాడు? 2023 ఆగస్టులో ఒక అద్భుతం జరిగింది. ఆర్టీసీవాళ్లను ప్రభుత్వంలో కలిపేసుకునే బిల్లు గవర్నరు తమిళిసై దగ్గర ఆగిందని బస్సులు ఆపి, రాజ్‌భవన్‌కు కార్మికులు కదిలారు. ఆమె అడిగిన సందేహాలకు జవాబులు పోయాయి, ఆగస్టు 6న అసెంబ్లీ ఆమోదించింది. 43,373 మంది సర్కారు ఉద్యోగులైపోయారు. నోళ్లు తీపి చేసుకున్నారు. తర్వాత తెలిసింది, చట్టం ఎప్పటినుంచి అమలన్నది ఇంకో కాగితం చెప్పాలని. ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం మారింది, ఆ కాగితం మాత్రం డిపోలకు చేరలేదు. పాలమూరు బిడ్డ రేవంత్‌రెడ్డి ముఖ్యమంత్రి అయ్యాక 2025 మేలో సమ్మెకు దిగుతామని జేఏసీ నోటీసు ఇస్తే అందులో విలీనం మళ్లీ ఒక డిమాండే. చర్చలు జరిగాయి, సమ్మె వాయిదా పడింది, ముగ్గురు ఐఏఎస్‌లతో కమిటీ పడింది. కమిటీ అంటే ఏమిటో ఆర్టీసీవాడికి వేరే చెప్పక్కర్లేదు. బ్రేక్‌డౌన్ అయిన బస్సులోంచి దిగి వెనకొచ్చే బస్సు ఎక్కమని ప్రయాణికులకు రోజూ చెప్పేది అతనే.

మొత్తానికి లెక్క ఇలా తేలింది. కూర్చొని హక్కు అడిగితే సెల్ఫ్ డిస్మిస్, నిలబడి పని చేస్తే చార్జిషీటు, పడిపోతే మాత్రలు, పోతానంటే 4 శాతం కోత. 2019లో ప్రభుత్వం ఇతని రాజీనామాను ఇతని తరఫున తానే రాసేసింది. ఇప్పుడు ఇతను నిజంగా రాద్దామంటే పెన్ను కింద ఫైనాన్సు అప్పు, బిడ్డ పెళ్లి, ఊరి పరువు అడ్డం వస్తున్నాయి. వెళ్లగొట్టడం సర్కారు చేతిలో ఉంది, ఉంచడమూ సర్కారు చేతిలోనే ఉంది. ఉద్యోగం వదలడం అనే ఒక్క చిన్న స్వేచ్ఛ కూడా కార్మికుడి చేతిలో లేని సంస్థలో, ఒత్తిడి తగ్గించుకోండని కార్మికుడికి చెప్పడం నాకు సిగ్గుగా అనిపిస్తుంది. చెప్పేవాళ్లకు అనిపించదు.

ఒత్తిడి తగ్గించే మందు ఒకటి ఉంది, దానికి గురువులూ ఈసీజీలూ అక్కర్లేదు. మనుషులను తీసుకోవాలి. రాష్ట్రం వచ్చాక ఏళ్లకేళ్లు ఆ మందు ఎవరూ రాయలేదు. చివరికి 2025 సెప్టెంబరులో ఆర్టీసీ ఉద్యోగాలకు నోటిఫికేషన్ వచ్చింది. 1,743 పోస్టులు. అందులో డ్రైవర్లు 1,000, శ్రామిక్‌లు 743. కండక్టర్ పోస్టు ఒక్కటీ లేదు.