క్లీటు పద్యానికి టీకా తాత్పర్యం

ఎరుపు బిగియఁబట్టు నిసుమంత మెదలదు
నీలి కొంత విడిచి నిలిపి పట్టు
పసుపు పాదమాడ భాగ్యంబు గలిగించు
కాలి నడిగి కొనుము కాసు దీసి

ప్రతిపదార్థం: ఎరుపు = షిమానో ఎస్‌పీడీ–ఎస్‌ఎల్ పెడలు కోసం బూటు అడుగున బిగించే ఎర్ర క్లీటు; బిగియఁబట్టున్ = ఉడుంపట్టు పట్టును; ఇసుమంత మెదలదు = ఫ్లోట్ (బూటు పెడలు నుంచి ఊడకుండా మడమ అటూ ఇటూ కదిలే చోటు) 0 డిగ్రీలు; నీలి = నీలం క్లీటు; కొంత విడిచి = పిసినారిగా 2 డిగ్రీలు వదిలి; పసుపు = పసుపు క్లీటు; పాదము ఆడన్ = మడమ మొత్తం 6 డిగ్రీలు కదిలేట్టు; కాలిన్ అడిగి = (లక్షణార్థం) మోకాలిని అడిగి; కాసు దీసి = స్పష్టం.

తాత్పర్యం: ఏ రంగు కొనాలో మీ మోకాలు చెప్పాలి గాని పక్కవాడి సైకిలు చెప్పకూడదు.

విశేషాలు: “గట్టిగా బిగిస్తే బలమంతా పెడలుకే పోతుంది కదా, కదలిక దేనికి?” అని పూర్వపక్షం. తొక్కేటప్పుడు మోకాలి కింది ఎముక తనంతట తనే కాస్త మెలి తిరుగుతుంది. మడమకు ఆ చోటివ్వకపోతే మెలి మోకాలి నెత్తిన పడుతుంది. క్లీటు రవ్వంత వంకరగా బిగిసిందా, నిమిషానికి 90 చుట్ల చొప్పున గంటకు 5,400 సార్లు అదే బాధ. కనుక ఎరుపు, తమ పాదం వాలు కచ్చితంగా తెలిసినవాళ్లకే.

తెలుసుకోవడం ఎలాగంటే, ఎత్తయిన బల్ల మీద కూచుని కాళ్లు వేలాడదీసి, బొటనవేళ్లు ఎటు చూస్తున్నాయో చూడాలి. ఆ వాలు ఫ్లోట్‌కు నడిమధ్యన పడేట్టు క్లీటు తిప్పి, మూడు బోల్టులూ బిగించాలి. పెడలు మీది స్క్రూ వదులు చేస్తే ఫ్లోట్ పెరుగుతుందని కొందరు వ్యాఖ్యాతలంటారు. వాళ్లు తొక్కినట్టు లేదు. ఆ స్క్రూ వల్ల బూటు ఊడిరావడం తేలికవుతుంది, అంతే.

శాఖాభేదం: ఈ పద్యం ఫ్రెంచి లుక్ శాఖవారి ముందు చదవరాదు. స్కీ బైండింగులు చేసే ఆ కంపెనీ 1984లో ఈ తరహా పెడలు తెచ్చింది. మరుసటేడు బెర్నార్ హినో వాటితోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. వాళ్ల కియో క్లీట్లలో నలుపు 0, బూడిదరంగు 4.5, ఎరుపు ఏకంగా 9! మన కవి సంకెళ్లు వేసిన రంగు అక్కడ విచ్చలవిడి. పోనీ సంధి చేద్దామంటే, ఆ క్లీటు ఈ పెడలులో పట్టదు.

ఇక “కాసు దీసి” పాదపూరణమని ఒక వాదం. చాలా షిమానో పెడళ్ల డబ్బాలో పసుపు క్లీట్లు ఎలాగూ వస్తాయి కదా అని. క్లీట్లతోనే టీకొట్టు దాకా టకటకా నడిచే అలవాటున్నవాళ్లు మాత్రం ఈ వాదాన్ని ఒప్పుకోరు.