నైరుతి మూల రహస్యం

కొత్త ఇంటికి ప్లాను గీయించేటప్పుడు తెలుగువాడు ఇంజనీరుతో గంట మాట్లాడితే, వాస్తు సిద్ధాంతితో పూటంతా మాట్లాడతాడు. మెట్లు ఎటు తిరగాలి, బోరు ఎక్కడ వెయ్యాలి అన్న దగ్గర సిద్ధాంతులు ఒకరితో ఒకరు పడరేమో గానీ, ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట. యజమాని పడకగది నైరుతిలో ఉండాలి. ఆ గదిలో మళ్ళీ నైరుతి మూలన బీరువా ఉండాలి. దాని తలుపులు కుబేరుడి దిక్కయిన ఉత్తరానికి తెరుచుకోవాలి. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా, రెండు గదుల పోర్షను నుంచి డూప్లెక్సు దాకా ఇదే లెక్క. కుబేరుడు ఈ ఏర్పాటును గమనించాడో లేదో నాకు తెలియదు. దొంగ మాత్రం గమనించాడు. అతనికి చీకట్లో వెతుకులాట అక్కర్లేదు, ఫోనులో దిక్సూచి ఉంటే చాలు.

పైగా అతను కూడా మన మధ్యే పుట్టి పెరిగినవాడు. వాళ్ళమ్మ కూడా బీరువా తాళాలు బీరువా నెత్తినే, పాత సూట్‌కేసు వెనకే పెట్టింది. కనుక అతనికి లోపలి భూగోళం కూడా కంఠతా వచ్చు. మధ్య అరలో పట్టుచీరలు, చీరల మధ్య కలరా ఉండలు, చీరల వెనక చిన్న లాకరు, ఆ లాకరు తాళం పైనుంచి మూడో చీర మడతలో. లాకరు తెరిస్తే నగల షాపువాళ్ళిచ్చిన ఎర్ర పర్సు, దాని మీద మెరిసే అక్షరాల్లో షాపు పేరు, లోపల గులాబి రంగు కాగితంలో చుట్టిన నెక్లెసు, గాజులు, ఒడ్డాణం. ఏది ఎక్కడుందో వెతుక్కునే శ్రమ వచ్చినవాడికి ఉండకూడదని సమస్తం ఒకే చోట సర్ది ఉంచుతాం. అతిథి మర్యాదల్లో మనవాళ్ళని మించినవాళ్ళు లేరు.

"ఈ రోజుల్లో బీరువాలో ఎవరు పెడతారండీ, మేమంత అమాయకులమా?" అని కొందరు నవ్వుతారు. వీళ్ళది మేధావి వర్గం. వీళ్ళ బంగారం వంటింట్లో ఉంటుంది. బియ్యం డ్రమ్ములో అడుగున, కందిపప్పు డబ్బాలో మధ్యన, పోపుల డబ్బా వెనకాల, మరీ పై చదువులు చదివినవాళ్ళయితే ఖాళీ ఆవకాయ జాడీలో. ఈ ఉపాయం తమకొక్కరికే తట్టిందని ప్రతి ఇంటివారి నమ్మకం. వీధిలో నలభై ఇళ్ళుంటే నలభై మందికీ ఒకే ఉపాయం తట్టడం ఎలా సాధ్యమైందో ఒక్కరూ ఆలోచించరు. ఇల్లంతా తిరగేసే తీరిక దొరికిన దొంగ డ్రమ్మును బోర్లించడానికి ఎంతసేపు? తెల్లారి పోలీసులు వచ్చి చూస్తే హాలు నిండా సన్నబియ్యం.

బంగారం ఇలా బుద్ధిని పెడతోవ పట్టించడానికి కారణం దాని ఒంట్లోనే ఉంది. అది నీటికంటే దాదాపు 19 రెట్లు బరువు. కిలో బంగారాన్ని కరిగించి పోస్తే 52 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసు కూడా నిండదు. అంత చిన్నది ఎక్కడైనా ఇమిడిపోతుంది కదా అని ఎక్కడపడితే అక్కడ ఇరికిస్తాం. అంత చిన్నది ఎందులో కలిసిపోయినా తెలియదని మాత్రం మరిచిపోతాం. పాత చీరలో మూటకట్టిన గాజులు స్టీలు సామాన్లవాడి బుట్టలోకి వెళ్ళి, బదులుగా ఒక ఇడ్లీ పాత్ర ఇంటికి వస్తుంది. భోగినాడు అటక మీది చిరిగిన పరుపును మంటలో వేశాక, "అందులో అమ్మ దాచిందేమోరా" అన్న మాట అప్పుడే ఎవరికో గుర్తొస్తుంది. దొంగ రాని ఇళ్ళలో కూడా బంగారం పోతోందంటే, ఇంత పకడ్బందీగా దాస్తున్నాం మరి.

ఇలా దాచి నెగ్గినవాళ్ళు లేరా అని అడగొచ్చు. ఉన్నారు, అదీ మన హైదరాబాదులోనే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర జాకబ్ వజ్రం ఉండేది, 184.75 క్యారెట్లు. ఆయన పోయిన కొన్నాళ్ళకి కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కి అది తండ్రి చెప్పు ముందు భాగంలో దొరికిందట. కొడుకు దాన్ని భద్రంగా ఏం చేశాడయ్యా అంటే, బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకున్నాడు. కాపలాకి సొంత సైన్యం ఉన్నవాళ్ళు కనుక చెల్లింది. చివరికి 1995లో కేంద్ర ప్రభుత్వం నిజాం నగలు 173 కలిపి 218 కోట్లకు కొన్నది. చెప్పులో దూరిన ఆ వజ్రం ఇప్పుడు రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉంటోంది. ఇంట్లో చెప్పుల స్టాండు వైపు ఆశగా చూసేవాళ్ళు ఆ చివరి వాక్యం మరోసారి చదవాలి.

అసలు మనం ఎవరి నుంచి దాస్తున్నాం? దొంగ నుంచి అయితే కాదు. పెళ్ళికి ఎనిమిది వందల మందిని పిలిచి, పెళ్ళికూతురి మెడలో ఏడు వరసలు వేసి, పైనుంచి డ్రోను తిప్పి వీడియో తీయించి, ఆ వీడియోకి పాట కలిపి ఊరందరి ఫోన్లలోకి వదులుతాం. "ఎన్ని కాసులు పెట్టారొదినా?" అని కోస్తాలో, "ఎన్ని తులాలు పెట్టిండ్రు?" అని తెలంగాణలో అడిగితే, ఉన్నదానికి రెండు కలిపి మరీ చెబుతాం. ఇంత దండోరా వేసి ఇంటికొచ్చి, తలుపులు మూసి, గుసగుసగా "కందిపప్పు డబ్బాలో పెట్టు, కోడలికి తెలియనివ్వకు" అంటాం. వచ్చినవాళ్ళందరికీ తెలిసింది ఇంట్లో వాళ్ళకి తెలియకూడదు. మన భద్రతా సూత్రం మొత్తం ఇంతే.

మరి ఇన్‌కంటాక్సు? ఆ పేరు చెప్పి బ్యాంకు గడప తొక్కనివాళ్ళు చాలామంది. ఈ భయానికి ఒకప్పుడు కారణం ఉండేదని ఒప్పుకోవాలి. 1963లో 14 క్యారెట్లు దాటి నగ చెయ్యకూడదన్నారు, కంసాలుల కొలుములు చల్లబడ్డాయి. 1968 నాటి బంగారం నియంత్రణ చట్టం బిస్కెట్లు, కడ్డీలు ఇంట్లో ఉంచుకోవడాన్నే నేరం చేసింది. ఆనాటి తాతలు గోడలో గూడు తవ్వారంటే అర్థముంది. కానీ ఆ చట్టం 1990లో రద్దయింది. 1994లో ప్రత్యక్ష పన్నుల బోర్డు తన అధికారులకు ఒక ఆదేశం ఇచ్చింది. సోదాకి వెళ్ళినప్పుడు పెళ్ళయిన స్త్రీకి 500 గ్రాములు, పెళ్ళికాని అమ్మాయికి 250, మగవాడికి 100 గ్రాముల దాకా నగలుంటే వాటిని స్వాధీనం చేసుకోవద్దని. 500 గ్రాములంటే 62 కాసులు. 2016లో నోట్ల రద్దు గోల మధ్య ఇదే మాట మళ్ళీ చెప్పారు. సక్రమంగా కొన్నదానికీ, పెద్దల నుంచి వచ్చినదానికీ లెక్క చూపగలిగితే అంతకుమించి ఉన్నా ఇబ్బంది లేదన్నారు. ఇదంతా చదివాక కూడా పన్నెండు కాసుల ఇల్లాలు ఐటీ దాడికి భయపడి గాజుల్ని పిండి డబ్బాలో పూడ్చిపెడుతుంది. ఇంటాయన ఏమీ అనడు. ఐటీ వాళ్ళు వచ్చేంత ఇల్లు మాది అన్న ఊహే ఆయనకి బాగుంటుంది.

ఇక ఆధునికుల సంగతి. వీళ్ళు ఆన్‌లైన్లో ఎలక్ట్రానిక్ తిజోరీ తెప్పిస్తారు. మైక్రోవేవ్ ఓవెను అంత ఉంటుంది, అంకెల బోర్డు, చిన్న పచ్చ లైటు, నొక్కితే కుయ్‌మని చప్పుడు. దాన్ని గోడకో నేలకో బోల్టులతో బిగించమని పెట్టెలోనే నాలుగు బోల్టులు వేసి పంపుతారు. ఆ బోల్టులు ఆ పెట్టెలోనే ఉండిపోతాయి, ఎందుకంటే కొత్త టైల్స్‌కి రంధ్రం పడితే ఇంటాయన ప్రాణం విలవిల్లాడుతుంది. పది పదిహేను కిలోల పెట్టె అలా అల్మారాలో ఒంటరిగా కూర్చుంటుంది. దాని కోడు పెళ్ళిరోజు. పెళ్ళిరోజు గుర్తుండని భర్తలున్న ఇళ్ళలో 1234. బ్యాటరీ అయిపోతే తెరవడానికి ఇచ్చిన మామూలు తాళంచెవి ఎక్కడుందంటారా? తెలివిగలవాళ్ళు దాన్ని తిజోరీలోనే పెట్టి తలుపేస్తారు. మిగతావాళ్ళు తిజోరీ నెత్తిన పెడతారు. దొంగకి ఈ రెండిటితోనూ పనిలేదు, పెట్టెను దుప్పట్లో చుట్టి భుజాన వేసుకుంటాడు. తాళం సంగతి తాపీగా ఊరవతల చూసుకుంటాడు. ఇన్నాళ్ళూ నగలు నాలుగు చోట్లా ఉండి కొంత మిగిలేవి. ఇప్పుడన్నీ ఒకే పెట్టెలో, పట్టుకెళ్ళడానికి వీలుగా పిడి లేని లోటు ఒక్కటే.

నిజమైన తిజోరీలు లేకపోలేదు. వాటికి ఐ.ఎస్. 550 అని భారతీయ ప్రమాణం ఉంది, దొంగ ఎంతసేపు పెనుగులాడితే లొంగుతుందో పరీక్షించే పద్ధతులున్నాయి. అవి వందల కిలోలు తూగుతాయి, నలుగురు మోస్తే గానీ మెట్లెక్కవు. అయితే వాటికి పచ్చ లైటు ఉండదు, డిస్కౌంటు ఉండదు, చుట్టాలకి చూపిస్తే ముచ్చటగా ఉండవు.

సంక్రాంతి వస్తుంది. హైదరాబాదు ఖాళీ అవుతుంది. పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరతాయి. ఆ బారులో కూర్చుని మనవాడు స్టేటస్ పెడతాడు: "కుటుంబ సమేతంగా సొంతూరికి, వారం రోజులు". కింద టోల్‌గేటు ఫొటో, ఫొటోలో భార్యాపిల్లలు, ముసలి తల్లితో సహా. అంటే ఇంట్లో పురుగు కూడా లేదని రుజువుతో సహా ప్రకటన. ఊరెళ్తుంటే స్టేషన్లో ఒక మాట చెప్పి వెళ్ళండి బాబూ అని పోలీసులు ఏటా మొత్తుకుంటారు. ఆంధ్రప్రదేశ్ పోలీసులైతే ఎల్‌హెచ్‌ఎంఎస్ అని ఒక యాప్ పెట్టారు. అందులో చెబితే వాళ్ళే వచ్చి తాళం వేసిన ఇంట్లో కెమెరా అమరుస్తారు, కదలిక కనబడితే వస్తారు, పైసా తీసుకోరు. దానికి మనవాడి జవాబు: "ఇంట్లో లేమని పోలీసులకు ఎందుకు చెప్పాలండీ? ఎవర్నీ నమ్మలేం ఈ రోజుల్లో." ఆ మాట అంటూనే స్టేటస్ ఎంతమంది చూశారో లెక్కపెట్టుకుంటాడు.

బ్యాంకు లాకరు మాటెత్తండి, చట్టం చదివినవాడిలా వాదిస్తాడు. "లాకర్లో పోతే అద్దెకి వంద రెట్లే ఇస్తారట కదా?" నిజమే. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధన అది. దొంగతనం, అగ్నిప్రమాదం, భవనం కూలడం, సిబ్బంది మోసం, వీటిలో దేనివల్ల పోయినా ఏడాది అద్దెకి వంద రెట్ల దాకానే బ్యాంకు బాధ్యత. నాలుగు వేలు అద్దె అయితే నాలుగు లక్షలు. ఈ ధరల్లో దానికి ఒక మంచి హారం కూడా రాదు. భూకంపం, వరద వస్తే అదీ ఉండదు. ఇది అన్యాయంగా ఉందంటే నేనూ ఒప్పుకుంటాను. లాకరు కావాలంటే పెద్ద డిపాజిట్ వెయ్యమని, బీమా పాలసీ కొనమని కౌంటరు దగ్గర పీడించడం ఇంకా అన్యాయం. నిబంధన ప్రకారం మూడేళ్ళ అద్దెకీ, తాళం పగలగొట్టే ఖర్చుకీ సరిపడా డిపాజిట్ మించి అడగకూడదు. ఇన్ని తప్పులు పట్టగలిగిన మనిషి బియ్యం డ్రమ్ము ఎన్ని రెట్లు ఇస్తుందో మాత్రం ఎప్పుడూ అడగడు.

మొన్నమొన్నటి దాకా ఇంకో వాదన తిరిగింది. "రిజర్వు బ్యాంకే ఇంగ్లండు నుంచి వంద టన్నుల బంగారం ఇంటికి తెచ్చుకుంది, చూశారా, సొంతింటికి మించిన భద్రత లేదు!" 2024లో తెచ్చిన మాట వాస్తవం. అయితే రిజర్వు బ్యాంకు ఇల్లు మూడు పడకగదుల ఫ్లాటు కాదు. ఆ లెక్కన తిరుమల సంగతి చూడండి. వెంకటేశ్వరస్వామి పేరున 10 టన్నులకు పైగా బంగారం బ్యాంకుల్లో డిపాజిట్ అయి ఉందని 2022లో దేవస్థానమే శ్వేతపత్రం ఇచ్చింది. ఏడు కొండల మీద, ఇనుప తలుపుల వెనక ఉన్న దేవుడికి బ్యాంకు పనికొచ్చింది. ఆయన ఫొటో వెనక గులాబి కాగితం పొట్లం దాచుకున్న భక్తుడికి పనికిరాలేదు.

దొంగల సంగతి చెప్పాను గానీ, మన బంగారానికి వాళ్ళకంటే పెద్ద శత్రువు ఇంటి పెద్దాయన మౌనం. ఎక్కడుందో ఆయనకొక్కడికే తెలుసు. కొడుక్కి చెబితే కోడలికి చేరుతుంది, కూతురికి చెబితే అల్లుడికి చేరుతుంది, అందుకని పోయేముందు చెబుదామనుకుంటాడు. పోవడం మన వీలు చూసుకుని రాదు. పక్షవాతంతో మాట పడిపోయి గోడ వైపు వేలు చూపిస్తే, పిల్లలు ఫ్యాను వెయ్యమంటున్నాడనుకుని వేస్తారు. తర్వాత ఇల్లు అమ్ముతారు, కొన్నవాడు పడగొడతాడు. 1878 నాటి నిక్షేపాల చట్టం ఇప్పటికీ బతికే ఉంది. నేలలో పది రూపాయల విలువ మించినది దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. తాతగారి బంగారం మనవడిదని రుజువు చేసుకోవడానికి కోర్టుకెక్కాలి. రాయలసీమలో ఈ నిధుల పిచ్చి ఎంత ముదిరిందంటే, 2017 చివర్లో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటను అధికారుల సమక్షంలోనే తవ్వారు. నిధి దొరకలేదు. ఎవరైనా దాచారో లేదో చెప్పడానికి దాచినవాడు లేడు, రాసిన చీటీ లేదు.

దొంగతనం జరిగాక స్టేషన్లో జరిగే తంతు కూడా ఈ చీటీ లేకపోవడం గురించే. "ఎన్ని కాసులమ్మా?" అంటే అత్తగారు ఇరవై అంటుంది, కోడలు పదిహేను అంటుంది. బిల్లులు లేవు, ఫొటో అంటే పెళ్ళి ఆల్బమే. ఆల్బంలో వేసుకున్న వాటిలో సగం చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ అని అప్పుడు బయటపడుతుంది. ఇంటి బీమా ఉందండీ అని కొందరు ధీమాగా పాలసీ తెస్తారు. నగలను విడిగా జాబితా రాసి, విలువ చూపించి, ప్రీమియం కట్టి ఉండాలి కదా అంటే నోరు తెరుస్తారు.

కాబట్టి ఈ ఆదివారం బీరువా మీంచి తాళాలు తీసి, ఉన్న నగల్ని మంచం మీద పరిచి, ఒక్కొక్కదానికీ ఫోనుతో ఫొటో తియ్యండి. బరువు, కొన్న ఏడాది, హాల్‌మార్కు మీది ఆరక్షరాల నంబరు ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం కోడలికీ కూతురికీ కూడా చూపించండి, కొంప మునగదు. లాకరు తీసుకుంటే నామినీ పేరు రాయండి. తిజోరీయే కావాలంటే ఆ నాలుగు బోల్టులూ బిగించండి, టైల్సు పోతే మళ్ళీ వేయించుకోవచ్చు. ఇదంతా చదివి లేచి, బియ్యం డ్రమ్ములోని మూటను తీసి మినప్పప్పు డబ్బాలోకి మార్చాలని చూస్తున్నవారికి మాత్రం ఒక్క మనవి: దొంగలు కూడా పత్రికలు చదువుతారు.