వంపు లెక్క

మృదంగం మీద దెబ్బ పడితే వెనక తెర మీద వెలుగు లేవాలి. చెప్పుకోవడానికి పని ఇంతే. మాదాపూర్‌లో ఒక ఆడిటోరియంలో ఫ్యూజన్ కచేరీకి ఎల్‌ఈడీ వాల్ మీద బొమ్మలు ఆడించే బాధ్యత ఒప్పుకున్న కుర్రాడికి మాత్రం రిహార్సల్ మొదలవగానే తల వేడెక్కింది. తంబూరా శ్రుతికే తెర సగం వెలిగి కూర్చుంది. వీణ మీద తానం సాగుతుంటే అక్కడ చలనమే లేదు. మృదంగం అందుకోగానే తెరంతా తెల్లబడి, ముందు వరుసలో ఉన్న నిర్వాహకుడు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

“ఇది షోనా, షార్ట్ సర్క్యూటా?” అన్నాడాయన.

కుర్రాడి పక్కనే కుర్చీ లాక్కుని నిర్వాహకుడి ఆఫీసులో అకౌంట్లు చూసే పెద్దాయన కూర్చున్నాడు. జనరేటర్ అద్దె గంటల లెక్కన. ఎప్పుడు వేశారో, ఎప్పుడు ఆపారో రాసుకోవడానికి వచ్చాడు. చొక్కా జేబులో డైరీ, చెవి మీద పెన్ను.

“ఎక్కడ తేడా కొట్టింది నాయనా?”

ఈ పనిలో అడిగి తెలుసుకునేవాడు దొరకడం అపురూపం. కుర్రాడు ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పాడు. తెర మీద టచ్‌డిజైనర్ సాఫ్ట్‌వేర్, డబ్బాలూ వాటిని కలిపే తీగలూ.

“మైకులోంచి వచ్చే శబ్దం దీనికి ఒక అంకె బాబాయ్ గారూ. నిశ్శబ్దం అయితే 0, గరిష్ఠం అయితే 1. సెకనుకు 60 సార్లు ఆ అంకె చూసుకుని వెలుగు ఎంతుండాలో తేలుస్తుంది. వచ్చిన అంకెను వచ్చినట్టే వాడితే ఇదిగో, ఇలా ఏడుస్తుంది.”

“అయితే అంకెలు దిద్దేస్తావా?”

“దిద్దను. మధ్యలో ఒక గీత పెడతాను. తిన్నని గీత అయితే ఎంత వస్తే అంత చూపిస్తుంది. దాన్ని వంచితే కథ మారుతుంది. వర్గం చేశాననుకోండి, 0.1 వచ్చి 0.01 అవుతుంది. 0.5 వచ్చి 0.25 అవుతుంది. 1 మాత్రం 1గానే ఉంటుంది.”

మీట నొక్కాడు. తంబూరా వెలుగు అణిగిపోయింది. వీణ మైకుకు వర్గమూలం పెట్టాడు. అక్కడ 0.04 కాస్తా 0.2 అయింది, 0.25 కాస్తా 0.5 అయింది. వీణ విద్వాంసురాలు తీగ మీటగానే తెర అంచున సన్నటి బంగారు గీత ఒకటి వణికింది.

పెద్దాయన పెన్ను చెవి మీంచి దిగింది. “కొసలు రెండూ కదలవన్నమాట. మధ్యది నీ ఇష్టం.”

“అంతే. పెద్దది పెద్దదిగానే, చిన్నది చిన్నదిగానే ఉంటుంది. వరస తప్పదు.”

“ఒకరికి ఒక గీత, ఇంకొకరికి ఇంకో గీత పెడితే?”

“అప్పుడు ఎవరు పెద్దో మీట పట్టుకున్నవాడే తేలుస్తాడు.”

పెద్దాయన తల పంకించాడు. కుర్రాడికి హుషారు వచ్చింది. 1860లోనే జర్మనీలో లైప్‌జిగ్ ప్రొఫెసర్ గుస్తావ్ ఫెక్నర్ ఇలాంటి సంగతే పుస్తకంగా రాశాడని చెప్పాడు. బయట శబ్దమో వెలుగో ఎంత పెరిగితే మన అనుభవం అంత పెరగదు, లాగరిథమ్ లెక్కన పెరుగుతుంది. ఒక్క దీపం ఉన్న గదిలో రెండోది వెలిగిస్తే తెలుస్తుంది, వంద దీపాల మధ్య ఇంకొకటి వెలిగిస్తే ఎవరికీ పట్టదు.

“మాకు తెలియనిదా? పెద్ద బిల్లులో చిన్న పద్దు ఎవరి కంటా పడదు” అన్నాడు పెద్దాయన.

ఇక మృదంగం మిగిలింది. దెబ్బ దెబ్బకూ తెర టపటపా కొట్టుకుంటోంది.

“దీనికి మందు వేరే ఉంది బాబాయ్ గారూ. లేవడం దెబ్బతో పాటే లేవాలి. దిగడం మాత్రం నెమ్మదిగా దిగాలి. ఒక్కసారిగా దిగితే కంటికి కొడుతుంది. అందుకని ప్రతిసారీ మిగిలినదాంట్లో ఇంత భాగం అని తగ్గిస్తూ పోతాం. పదో వంతనుకోండి, సగమనుకోండి, మన ఇష్టం.”

“మిగిలినదాంట్లో భాగమే తగ్గిస్తే ఎప్పటికీ సున్నా కాదు కదయ్యా?”

కుర్రాడు ఉబ్బిపోయాడు. ఇంజనీరింగ్ క్లాసులో కూడా ఎవరూ అడగని ప్రశ్న అది. “భలే పట్టారు! ఎంత తగ్గినా ఎంతో కొంత మిగులుతూనే ఉంటుంది. అందుకే ఒక హద్దు పెడతాం. నూటికి రెండు వంతుల కిందకి పోయిందంటే ఇక దాన్ని సంగీతం అనుకోం, నాయిస్ అనుకుంటాం. నాయిస్ గేట్ వేసి సున్నా చేసేస్తాం.”

పెద్దాయన డైరీలో ‘నూటికి 2’ అని రాసి కింద గీత గీశాడు.

“పాటకీ పాటకీ మధ్య రంగులు మారేటప్పుడు ఎస్ కర్వ్ వాడతాను” అంటూ కుర్రాడే కొనసాగించాడు. “ఎక్స్ వర్గానికి మూడు రెట్లలోంచి ఎక్స్ ఘనానికి రెండు రెట్లు తీసేస్తే వచ్చే గీత. 0.1 దగ్గర ఇంకా 0.028లోనే ఉంటుంది. నడుమ జోరుగా వెళ్లి, 0.9కి 0.972 చేరి, మళ్లీ మందగిస్తుంది. మొదలూ నెమ్మదే, చివరా నెమ్మదే. మార్పు జరిగిందని కూడా ఎవరికీ తెలియదు.”

అదీ డైరీలోకి ఎక్కింది.

కచేరీ అదిరింది. తని ఆవర్తనంలో ఎడమ చేతి ‘తోం’కి తెర నడుమ ఎర్రటి వలయం విచ్చుకుని, తర్వాతి దెబ్బ దాకా నిదానంగా కరిగింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నిర్వాహకుడు కుర్రాణ్ని కౌగిలించుకున్నాడు. మాట్లాడుకున్నది రూ. 80,000. ప్రోగ్రాం అయ్యాకే మొత్తం ఇస్తామన్నారు కాబట్టి అడ్వాన్సు ఊసు లేదు.

మర్నాడు పొద్దున్నే ఖాతాలో రూ. 40,000 పడ్డాయి. ఈ లైన్‌లో ఇంత నిక్కచ్చి మనుషులుంటారా అని కుర్రాడు స్నేహితులందరికీ చెప్పుకున్నాడు. పండగ ముందు రూ. 20,000 వచ్చాయి. ఫోన్లు చేయగా చేయగా 10,000. ఆఫీసు చుట్టూ తిరగ్గా 5,000. ఆ తర్వాత 2,500. ఇంకొన్నాళ్లకు 1,250. ఆ పైన ఫోన్ మోగినా ఎత్తేవాడు లేడు.

ఉండబట్టలేక ఒకరోజు ఆఫీసుకే వెళ్లాడు. పెద్దాయన ఆప్యాయంగా కుర్చీ చూపించి టీ తెప్పించాడు.

“బాబాయ్ గారూ, ఇంకా 1,250 రావాలి.”

ఆయన డైరీ తీసి, వేలు తడి చేసుకుని పేజీలు తిప్పాడు. “80,000కి నూటికి రెండు చొప్పున 1,600. నీకు రావాల్సింది దాని కిందకి పోయింది. అది బాకీ కాదు నాయనా, నాయిస్.”

కుర్రాడికి గుటక పడలేదు. “మరి ఆ ఇచ్చేదేదో ఆరు విడతలు ఎందుకండీ?”

“దిగడం నెమ్మదిగా దిగాలన్నది నువ్వే కదయ్యా. ఒక్కసారిగా తీస్తే మా సారుకి కంటికి కొట్టదూ?” అంటూ ఆయన కొత్త పేజీ తెరిచాడు. “వచ్చే నెల ఇంకో ప్రోగ్రాం ఉంది. నువ్వే చెయ్యాలని సారు పట్టు. పేమెంటు మాత్రం ఈసారి ఆ ఎస్ కర్వ్ మీద పెడుతున్నా. మొదలు కూడా నెమ్మదే అన్నావు కదూ?”